హెబ్రీ పదాలనూ లేఖనాల్లోని సంఖ్యలనూ సొంతంగా పరిశీలించడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయం 7వ వచనంలో దావీదు తన సైనికుడు ఊరియాను మూడు సంగతులు అడుగుతాడు. యోవాబు ఎలా ఉన్నాడు, జనులు ఎలా ఉన్నారు, యుద్ధం ఎలా సాగుతోంది? హెబ్రీ మూలంలో మూడు చోట్లా ఉన్నది ఒకే మాట, షాలోమ్. యోవాబు షాలోమ్, జనుల షాలోమ్, ఆఖరికి యుద్ధపు షాలోమ్ కూడా. షాలోమ్ అంటే శాంతి అని ఒక్క ముక్కలో నేర్చుకున్నవారికి ఈ మూడోది మింగుడుపడదు. యుద్ధానికి శాంతి ఏమిటి? ఆ ప్రశ్న దగ్గర ఆగి, ఈ మాట లేఖనాల్లో ఇంకా ఎక్కడెక్కడ ఎలా వచ్చిందో వెదకాలనిపించేవారి కోసమే ఈ మార్గదర్శి.

దీనికి హెబ్రీలో పాండిత్యం అక్కరలేదు కానీ క్రమం తప్పనిసరి. "మూలభాషలో ఇలా ఉంది" అనగానే వినేవారు తల ఊపుతారు. సరిచూసుకునే వీలు వారిలో చాలామందికి ఉండదు. అందుకే ఆ మాట అనేవారిమీద బాధ్యత రెట్టింపవుతుంది. నేను పాటించమని కోరే సూత్రం ఒక్కటే: పదానికి అర్థం వాక్యంలో వెదకాలి, సంఖ్యకు అర్థం కథనంలో వెదకాలి. నిఘంటువు, ధాతువు, అక్షరాల విలువలు ఆ వెదకులాటలో తోడు వస్తాయి, అంతే. తీర్పు చెప్పే అధికారం వాటికి లేదు.

మొదటి మెట్టు: అక్షరాలు గుర్తుపట్టడం

హెబ్రీలో 22 అక్షరాలు, అన్నీ హల్లులే. కుడినుంచి ఎడమకు రాస్తారు. కాఫ్, మేమ్, నూన్, పే, త్సాదె అనే అయిదు అక్షరాలకు పదం చివర రూపం మారుతుంది. రోజుకు రెండు మూడు అక్షరాల చొప్పున రాసి నేర్చుకుంటే కొద్దివారాల్లో చేతికి అలవాటవుతాయి. ఈ పనిని దాటవేయకండి. తెలుగు లిపిలో రాసుకున్న ఉచ్చారణమీదే ఆధారపడితే ఆలెఫ్‌కూ అయిన్‌కూ, తేత్‌కూ తావ్‌కూ తేడా చెరిగిపోతుంది. వేర్వేరు ధాతువులు ఒకటిగా కనిపిస్తాయి.

అక్షరాల కింద, పైన, లోపల కనిపించే చుక్కలు, గీతల్లో ఎక్కువ భాగం అచ్చుల గుర్తులు. సుమారు 6వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం వరకు పనిచేసిన మసోరెతులనే యూదు లేఖకులు వీటిని చేర్చారు. నేటి ముద్రిత హెబ్రీ బైబిళ్లలో ఎక్కువ వాటికి ఆధారమైన లెనిన్‌గ్రాడ్ ప్రతి సుమారు 1008 నాటిది. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో బయటపడిన చుట్టలు దానికంటే దాదాపు వెయ్యేళ్లు, అంతకు మించి పాతవి, వాటిలో ఈ గుర్తులు లేవు.

దీనివల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఆదికాండము 47:31లో యాకోబు మంచపు తలాపిమీద వంగాడని ఉంది. హెబ్రీయులకు 11:21లో చేతికర్రమీద ఆనుకున్నాడని ఉంది. మూలంలోని హల్లులు మూడే: మేమ్, తేత్, హే. మిట్టా అని చదివితే మంచం, మట్టే అని చదివితే కర్ర. పాత గ్రీకు అనువాదమైన సెప్టువజింట్ కర్ర అని చదివింది, హెబ్రీ పత్రిక దాన్ని అనుసరించింది. హల్లులను గుర్తుపట్టగలిగితే ఇలాంటి ముడి విప్పడానికి నిమిషం చాలు.

రెండవ మెట్టు: సాధనాలు సమకూర్చుకోవడం

కనీసం రెండు తెలుగు అనువాదాలు, ప్రతి పదం కింద అర్థం చూపే హెబ్రీ పాఠం, ఏ పదం ఏయే వచనాల్లో వచ్చిందో చూపే ఒక పదసూచిక, ఒక నిఘంటువు ఉంటే చాలు. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో వెలువరించిన పదసూచికలో హెబ్రీ, అరామిక్ పదాలకు 1 నుంచి 8674 వరకు సంఖ్యలిచ్చారు. షాలోమ్ సంఖ్య 7965. ఈ సంఖ్యల పుణ్యమా అని అక్షరాలు సరిగా రానివారు కూడా సరైన పదం దగ్గరకు చేరగలరు. బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్ 1906లో పూర్తిచేసిన నిఘంటువు ఇంకా లోతైనది. స్టెప్ బైబిల్, బ్లూ లెటర్ బైబిల్ వంటి వెబ్‌సైట్లలో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. యూదుల వ్యాఖ్యానాలకు సెఫారియా అనే వెబ్‌సైటు ఉంది.

స్ట్రాంగ్ సూచికను వాడేటప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. అందులో పదం పక్కన కనిపించే పొడవైన జాబితా, 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఆ పదాన్ని ఎక్కడెక్కడ ఏయే మాటలతో అనువదించారో చెప్పే లెక్క. మనకు నచ్చిన అర్థం ఏరుకోవడానికి పెట్టిన పట్టిక కాదు. ఒక చోట సరిపోయిన అర్థాన్ని తెచ్చి మరో చోట అతికిస్తే వచనం చెప్పని మాట మనం చెప్పినట్టవుతుంది.

వచన సంఖ్యలు కూడా చూసుకోవాలి. హెబ్రీ బైబిలులో చాలా కీర్తనల శీర్షికే మొదటి వచనం, కాబట్టి ఒక అంకె ముందుకు జరుగుతుంది. యోవేలు అక్కడ నాలుగు అధ్యాయాలు, మలాకీ మూడే. పాత నిబంధన అంతా హెబ్రీ కూడా కాదు. దానియేలు 2:4 మధ్యనుంచి 7వ అధ్యాయం చివరివరకు, ఎజ్రాలో కొన్ని భాగాలు, యిర్మీయా 10:11 అరామిక్‌లో ఉన్నాయి.

మూడవ మెట్టు: పదం వచ్చిన ప్రతి చోటూ చదవడం

అసలు పని ఇదే. ఓపిక ఖర్చయ్యేదీ ఫలితం దొరికేదీ ఇక్కడే. నిఘంటువు తెరవకముందే పదసూచికలో ఆ పదం వచ్చిన వచనాలన్నీ తీసి, ఒక్కొక్కదాన్ని దాని పేరాతో కలిపి చదవాలి. షాలోమ్ 230కి పైగా చోట్ల వస్తుంది. ఒక్క రోజులో ముగించాలని చూడకండి. ఎవరు ఎవరితో అన్నారు, దేని గురించి అన్నారు, పక్కన ఏ మాటలున్నాయి అని మూడు గడులు గీసుకుని నింపుతూ వెళ్లండి.

అలా నింపితే షాలోమ్ ఎంత విస్తరిస్తుందో చూడండి. ఆదికాండము 37:14లో యాకోబు యోసేపును పంపి అన్నల షాలోమ్, మందల షాలోమ్ తెలుసుకుని రమ్మంటాడు. తెలుగు బైబిలు అక్కడ క్షేమమని రాసింది. గొర్రెలకు కూడా షాలోమ్ ఉంటుందన్నమాట. 38వ కీర్తన మూడో వచనంలో రోగి తన ఎముకల్లో షాలోమ్ లేదని మొరపెడతాడు. అక్కడది ఆరోగ్యం. యిర్మీయా 29:7లో చెరపట్టుకుపోయినవారు తమను చెరపట్టిన పట్టణపు షాలోమ్‌నే కోరాలి, ఎందుకంటే దాని షాలోమ్‌లోనే వారి షాలోమ్ ఉంది. అదే ప్రవక్త 6:14లో, షాలోమ్ లేకపోయినా షాలోమ్ షాలోమ్ అని చెప్పేవారిని గద్దించాడు. సంఖ్యాకాండము 6:26లో యాజకుడి దీవెన ఆఖరి మాట షాలోమ్. న్యాయాధిపతులు 6:24లో గిద్యోను బలిపీఠానికి పెట్టిన పేరులో షాలోమ్ ఉంది.

వీటన్నిటినీ ఒకచోట పేర్చి చూస్తే, ఏదీ విరగకుండా లోటు లేకుండా ఉండవలసినట్టు ఉన్న స్థితి అని నాకు తోస్తుంది. కలహం లేకపోవడం అందులో ఒక భాగం మాత్రమే. దావీదు ప్రశ్నలోని యుద్ధపు షాలోమ్ ఇప్పుడు ఇబ్బంది పెట్టదు. యుద్ధం సవ్యంగా నడుస్తోందా అని అతను అడుగుతున్నాడు. ఊరియా భార్యతో చేసిన తప్పునూ, అతనిపట్ల తాను తలపెట్టినదాన్నీ కడుపులో దాచుకుని, నోటితో ముమ్మారు షాలోమ్ అడగడంలోని ఘోరం కూడా అప్పుడే పూర్తిగా కనిపిస్తుంది.

నాలుగవ మెట్టు: ధాతువు, క్రియారూపం

హెబ్రీ పదాల్లో ఎక్కువ భాగం మూడు హల్లుల ధాతువులనుంచి పుడతాయి. షాలోమ్ ధాతువు షీన్, లామెద్, మేమ్. దీని కుటుంబాన్ని చూడడం మేలు చేస్తుంది. ద్వితీయోపదేశకాండము 27:6లో బలిపీఠానికి చెక్కని, నిండైన రాళ్లు వాడమంటారు, అవి షెలేమోత్. 1 రాజులు 11:4లో సొలొమోను హృదయం దేవునియెడల షాలేమ్‌గా లేదు, అంటే పూర్తిగా లేదు. నిర్గమకాండము 21, 22 అధ్యాయాల్లో ఒకరి ఎద్దు చనిపోవడానికి కారణమైనవాడు, ఒకరి సొత్తు దొంగిలించినవాడు తప్పక షిల్లేమ్ చేయాలి, అంటే నష్టం పూడ్చాలి. పోయినదాన్ని తిరిగి నిండుగా చేయడమే కదా అది.

ఇక్కడ వ్యాకరణం కొంచెం అవసరమవుతుంది. హెబ్రీ క్రియకు ప్రధానంగా ఏడు రూపాలున్నాయి: కాల్, నిఫాల్, పియేల్, పుఆల్, హిఫీల్, హొఫాల్, హిత్‌పాయేల్. ఒకే ధాతువు కాల్‌లో పూర్తికావడం, పియేల్‌లో చెల్లించడం, హిఫీల్‌లో సంధి చేసుకోవడం అవుతుంది. స్ట్రాంగ్ సంఖ్య ఈ తేడాను చూపదు. కాబట్టి క్రియను పరిశీలించేటప్పుడు ఆ వచనంలో ఏ రూపముందో చూసి, అదే రూపం వచ్చిన ఇతర వచనాలతోనే ముందు పోల్చండి.

ధాతువు వల్ల వచ్చే చిక్కు కూడా ఇక్కడే చెప్పాలి. పదం పుట్టుక వేరు, పదం వాడుక వేరు. గవేషణ అనే మాట ఆవులను వెదకడంలోనుంచి పుట్టింది. కానీ ఒక చరిత్రకారుడి గవేషణ అన్నప్పుడు ఎవరికీ ఆవులు గుర్తురావు. హెబ్రీ కూడా మనుషులు మాట్లాడిన భాషే. లెహెమ్ అంటే రొట్టె, మిల్‌హామా అంటే యుద్ధం. రెండింటిలోనూ లామెద్, హేత్, మేమ్ ఉన్నాయి. అంతమాత్రాన రొట్టె విరిచిన ప్రతిచోటా యుద్ధం దాగి లేదు. దాబార్ మాట, దెవెర్ తెగులు, మిద్‌బార్ అరణ్యం. మూడింటి హల్లులూ దాలెత్, బేత్, రేష్. "అరణ్యమంటే దేవుడు మాట్లాడే చోటు, పదంలోనే ఉంది" అన్న ప్రసంగం వినడానికి ఎంత బాగున్నా, అదే లెక్కన అరణ్యం తెగులు పుట్టే చోటు కూడా కావాలి. అరణ్యంలో దేవుడు మాట్లాడాడన్న సత్యానికి నిర్గమకాండమూ హోషేయ 2:14 వచనమూ చాలినంత ఆధారమిస్తున్నాయి, పదాన్ని ఇలా పిండనక్కరలేదు. బైబిలు పండితుడు జేమ్స్ బార్ 1961లో ఈ పొరపాటును విస్తారంగా విమర్శించినప్పటినుంచి పండితులు జాగ్రత్తపడ్డారు. వేదికలమీద మాత్రం అది ఇంకా వినిపిస్తూనే ఉంది.

అక్షరాల బొమ్మలనుంచి అర్థం తీయడమూ ఇలాంటిదే. ఆలెఫ్ ఎద్దు తల, బేత్ ఇల్లు, కాబట్టి రెండూ కలిసిన ఆబ్, అంటే తండ్రి, ఇంటికి బలమని చెబుతుంటారు. అక్షరాలకు బొమ్మల పుట్టుక ఉన్నమాట నిజమే. కానీ ఆ అక్షరాలు ధ్వనులను రాయడానికి వచ్చాయి, తండ్రిని పిలిచే మాట లిపికి ముందే నోళ్లలో ఉంది.

అయిదవ మెట్టు: పక్కనున్న మాటలు, పద్యపాదాలు

హెబ్రీ కవిత్వంలో ఒక పాదం చెప్పినదాన్ని రెండో పాదం మరో మాటతో చెబుతుంది, పెంచుతుంది, లేదా తిప్పి చూపిస్తుంది. ఇదే మన చేతికి దొరికే మంచి నిఘంటువు. 85వ కీర్తన పదో వచనంలో కృప సత్యంతో కలుసుకుంటుంది, నీతి షాలోమ్‌ను ముద్దుపెట్టుకుంటుంది. నీతిని పక్కనపెట్టి షాలోమ్ లేదని ఆ జంటే చెబుతోంది.

సందర్భం నిఘంటువును ఎంతగా మార్చగలదో యోబు గ్రంథం చూపిస్తుంది. బారక్ అంటే దీవించడం. యోబు 2:9లో అతని భార్య వాడిన క్రియ అదే, అయినా అనువాదాలు దూషించమని రాశాయి, అది సరైనదే. దేవుని పేరు పక్కన శాపం అనే మాట రాయలేక లేఖకులు మర్యాదగా వ్యతిరేక పదం వాడిన చోటు అది. 1:5లోనూ 1:11లోనూ అంతే. నిఘంటువునే పట్టుకుని ఆమె దీవించమందని చెబితే కథే తలకిందులవుతుంది.

హెసెద్ అనే మాటకు రూతు గ్రంథం మంచి పాఠశాల. తెలుగులో చాలాచోట్ల కృప అని అనువదించిన పదమిది, 240కి పైగా చోట్ల వస్తుంది. రూతులో మూడుసార్లే: 1:8, 2:20, 3:10. మొదట కోడళ్లు చనిపోయినవారిపట్ల, అత్తపట్ల చూపినది. తర్వాత బోయజు పొలంలో జరిగినది విని నయోమి పలికినది. చివర రూతు చేసినదాన్ని బోయజు మెచ్చుకున్నది. మూడు చోట్లా బంధం ఉంది, చేసి తీరవలసినదానికి మించి చేయడం ఉంది. యెహోషువ 2:12లో రాహాబు వేగులవారిని హెసెద్ అడిగినప్పుడు కూడా మాట ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. జాలి అనే ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదని ఈ నాలుగు చోట్లూ చదివితేనే తెలుస్తుంది.

ఆరవ మెట్టు: మూలమే చేసిన శ్లేషలు

కొన్నిచోట్ల పదాల పోలికను మనం కల్పించనక్కరలేదు, ప్రవక్తే చూపిస్తాడు. ఆమోసు 8:1-2లో దేవుడు కాయిత్స్, అంటే వేసవి పండ్ల గంప చూపించి కేత్స్, అంటే అంతం వచ్చిందంటాడు. యిర్మీయా 1:11-12లో కనిపించింది షాకేద్, బాదము చెట్టు కొమ్మ. దేవుడిచ్చిన జవాబు షోకేద్, తన మాట నెరవేర్చడానికి మేలుకుని కనిపెడుతున్నానని. యెషయా 5:7 మరీ పదునైనది. దేవుడు మిష్‌పాత్ కోసం చూస్తే మిస్‌పాఖ్ కనబడింది, త్సెదాకా కోసం చూస్తే త్సెఆకా వినబడింది. న్యాయానికి బదులు రక్తపాతం, నీతికి బదులు ఆర్తనాదం. చెవికి దాదాపు ఒకటే, బతుకులో నరకమంత తేడా. నిజమైన శ్లేషకు గుర్తు ఇదే: రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి, వాదన వాటిమీదే నడుస్తుంది.

ఏడవ మెట్టు: సంఖ్యను ముందు సరిచూడడం

సంఖ్యకు ప్రతీకార్థం వెదికేముందు ఆ సంఖ్య ప్రతులన్నిటిలో ఒకటేనా అని చూడండి. ఐగుప్తుకు వెళ్లిన యాకోబు ఇంటివారు ఆదికాండము 46:27లో 70 మంది. సెప్టువజింట్‌లో 75. అపొస్తలుల కార్యములు 7:14లో స్తెఫను చెప్పినది కూడా 75. కుమ్రానులో దొరికిన ఒక నిర్గమకాండ ప్రతిలోనూ 75 ఉంది. గొల్యాతు ఎత్తు మసోరెతు పాఠంలో ఆరు మూరల జేనెడు, కుమ్రాను సమూయేలు ప్రతిలో నాలుగు మూరల జేనెడు. నీనెవెకు యోనా ఇచ్చిన గడువు హెబ్రీలో 40 రోజులు, గ్రీకులో మూడు.

సంఖ్యావాచకం అర్థం కూడా చూడాలి. ఎలెఫ్ అంటే వెయ్యి. కానీ న్యాయాధిపతులు 6:15లో గిద్యోను తన ఎలెఫ్ మనష్షేలో బలహీనమైనదంటే అది వంశం. మీకా 5:2లో బేత్లెహేము యూదా ఎలెఫ్‌లలో చిన్నదంటే అదీ అంతే. సైన్యాల లెక్కల్లో ఈ పదం వేలను చెబుతోందా, దళాలను చెబుతోందా అన్న చర్చ అందుకే వచ్చింది.

ఎనిమిదవ మెట్టు: ఈ సంఖ్య మాట్లాడుతోందా?

ప్రతి సంఖ్యా ప్రతీక కాదు. చాలావాటిలో ఉన్నది లెక్క మాత్రమే. కొన్ని గుండ్రని సంఖ్యలు. కొన్ని కవిత్వపు పద్ధతి: "మూడు దోషములు, నాలుగు దోషములు" అని ఆమోసు మొదటి రెండు అధ్యాయాల్లో, "ఆరు కలవు, ఏడు" అని సామెతలు 6:16లో కనిపించేది ఒకటి పెంచి చెప్పే అలంకారం. సిరియా తీరాన ఉన్న ప్రాచీన నగరం ఉగరిత్ కవిత్వంలోనూ అది ఉంది. అక్కడ ఏడో అంశంమీద దృష్టి పెట్టాలి, ఏడు అనే అంకెమీద కాదు.

మరి సంఖ్య నిజంగా మాట్లాడేది ఎప్పుడు? నాకు నమ్మకమైన గుర్తులు మూడు.

మొదటిది, వచనమే కారణం చెప్పడం. వేగులవారు తిరిగిన 40 రోజులకు దినానికొక ఏడు చొప్పున 40 ఏళ్లని సంఖ్యాకాండము 14:34 స్వయంగా చెబుతుంది. ఆదికాండము 21:28-31లో అబ్రాహాము ఏడు గొర్రెపిల్లలను వేరుగా నిలుపుతాడు, ఇద్దరూ ప్రమాణం చేస్తారు, ఆ చోటు బెయేర్షెబా అవుతుంది. ఏడు అనే షెబాకూ ప్రమాణానికీ హల్లులు ఒకటే, కథ ఆ రెండింటినీ కలిపే చెబుతోంది.

రెండవది, ఒకే కథలో సంఖ్య మళ్లీ మళ్లీ రావడం. యెరికో చుట్టూ ఏడుగురు యాజకులు, ఏడు బూరలు, ఏడు రోజులు, ఏడో రోజు ఏడుసార్లు. ఆదికాండము మొదటి వచనం హెబ్రీలో ఏడు పదాలు, 28 అక్షరాలు. ఆ అధ్యాయంలో "మంచిది" అన్న మాట ఏడుసార్లు. కథే ఏడు రోజులది కాబట్టి ఈ లెక్కలకు బలముంది.

మూడవది అన్నిటికంటే గట్టిదని నా అభిప్రాయం: సంఖ్య నిలవడానికి జాబితానే సర్దడం. ఇశ్రాయేలు గోత్రాల జాబితాల్లో లేవీని లెక్కలోనుంచి తీసినచోట యోసేపు గోత్రం ఎఫ్రాయిము, మనష్షే అని రెండవుతుంది, 12 నిలుస్తుంది. ప్రకటన 7వ అధ్యాయంలో దాను లేడు, అయినా 12. మత్తయి 1:17 మూడు పద్నాలుగు తరాలంటుంది. దానికోసం యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య ఉన్న అహజ్యా, యోవాషు, అమజ్యాలను మత్తయి వదిలేశాడు. 1 దినవృత్తాంతములు 3:11-12 పక్కన పెట్టుకుని చూడండి. రచయితకు ఆ సంఖ్య ఎంత ముఖ్యమో అక్కడ స్పష్టమవుతుంది.

సంఖ్యకొక అర్థం చొప్పున ఇచ్చే పట్టికలను నేను ఇష్టపడను. 40 శోధన అంటారు. ప్రళయవర్షం, సీనాయి, గొల్యాతు సవాలు, ప్రభువు ఉపవాసం అన్నీ 40 రోజులే, నిజమే. కానీ ఇస్సాకు రిబ్కాను పెండ్లాడింది 40వ ఏట. దావీదు, సొలొమోను చెరి 40 ఏళ్లు ఏలారు. ఒత్నీయేలు కాలంలో దేశం 40 ఏళ్లు నెమ్మది పొందింది. ఒక నిండు కాలపరిమితి అంటే వీటన్నిటికీ సరిపోతుంది, శోధన అంటే సగానికే. ఆదికాండము 14:4లో పదమూడో ఏట తిరుగుబాటు జరిగింది కాబట్టి 13 తిరుగుబాటు సంఖ్య అంటారు. నిర్గమకాండము 34:6-7లో దేవుని కనికరపు లక్షణాలను యూదు సంప్రదాయం సరిగ్గా 13గా లెక్కిస్తుంది. పట్టికలోని ప్రతి వరుసనూ ఇలా పదసూచికతో పరీక్షించండి.

తొమ్మిదవ మెట్టు: అక్షరాల విలువలు, గెమత్రియా

హెబ్రీ అక్షరాలే అంకెలుగా పనిచేస్తాయి. ఆలెఫ్ నుంచి తేత్ వరకు 1 నుంచి 9. యోద్ 10, కాఫ్ 20, లామెద్ 30, మేమ్ 40, నూన్ 50, సామెఖ్ 60, అయిన్ 70, పే 80, త్సాదె 90. కోఫ్ 100, రేష్ 200, షీన్ 300, తావ్ 400. ఒక పదం విలువను మరో పదంతో పోల్చడమే గెమత్రియా. కానీ హెబ్రీ బైబిలులో సంఖ్యలన్నీ మాటల్లోనే రాసి ఉన్నాయి, అక్షరాంకెలు లేవు. రోమాపై యూదుల తిరుగుబాటు కాలం, క్రీ.శ. 66 నుంచి 70 వరకు వేసిన నాణేలమీద సంవత్సరాన్ని అక్షరంతో చూపించారు. అంటే క్రొత్త నిబంధన కాలానికి ఈ లెక్క పరిచితమే. మోషే కాలపు వచనానికి దాన్ని అన్వయించేటప్పుడు మాత్రం సందేహించాలి.

ఒక పాఠం చెప్పే ఉదాహరణ ఇది. ఆదికాండము 14:14లో అబ్రాము వెంట వెళ్లినవారు 318 మంది. అతని సేవకుడు ఎలీయెజెరు పేరు లెక్కకట్టండి: 1, 30, 10, 70, 7, 200. మొత్తం 318. అబ్రాము వెంట వెళ్లింది ఎలీయెజెరు ఒక్కడేనని యూదుల ప్రాచీన బోధనల సంకలనమైన తల్మూదులో ఒక వ్యాఖ్యానముంది. తొలి క్రైస్తవ రచనల్లో ఒకటైన బర్నబా పత్రిక అదే 318ని గ్రీకు అక్షరాల్లో 18, 300గా విడదీసి, 18ని యేసు పేరులోని మొదటి రెండు అక్షరాలుగా, 300ని సిలువ ఆకారంగా చదివింది. సంఖ్య ఒకటే, అర్థాలు రెండు, దేనికీ వచనంలో ఆధారం లేదు. రెండూ భక్తితో పుట్టినవే. వాటిని ఆ సంప్రదాయాల ధ్యానంగా గౌరవించవచ్చు, ఆదికాండపు భావమని బోధించకూడదు.

వచనం తానే లెక్కకట్టమన్న చోటు ప్రకటన 13:18. మృగము సంఖ్య 666, బుద్ధిగలవాడు లెక్కించాలి. నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో నెరోన్ కెసర్ అని రాస్తే 50, 200, 6, 50, 100, 60, 200. మొత్తం 666. కొన్ని పాత ప్రతుల్లో 616 ఉంది. పేరు చివరి నూన్ తీసి లాటిన్ ఉచ్చారణకు తగ్గట్టు నెరో అని రాస్తే వచ్చేది సరిగ్గా 616. రెండు పాఠాలనూ ఒకే వివరణ కలుపుతోంది కాబట్టి చాలామంది పండితులు దీనివైపు మొగ్గుతారు. మత్తయి 14 తరాలకు దావీదు పేరు విలువను, 4, 6, 4, కారణంగా చూపడం కూడా నాకు సబబుగానే తోస్తుంది. మత్తయి మొదటి వచనమే దావీదు కుమారుడని మొదలవుతుంది.

అక్షరాల మార్పిడి బైబిలులోనే ఉన్న చోటు యిర్మీయా. మొదటి అక్షరానికి చివరిది, రెండోదానికి చివరినుంచి రెండోది వేసే అత్బాష్ పద్ధతిలో బాబెల్ అనే పేరు షేషక్ అవుతుంది. 25:26లో ఆ పేరు వస్తుంది, 51:41లో షేషక్, బబులోను ఒకే వచనంలో జతపాదాల్లో నిలబడి ముడి విప్పేస్తాయి. సమాన దూరంలోని అక్షరాలను ఏరి భవిష్యత్తు చదివే సంకేతాల వాదం అలాంటిది కాదు. 1994లో ఒక గణాంక శాస్త్ర పత్రికలో వచ్చిన ఆ వాదాన్ని 1999లో అదే పత్రికలో ఇతర గణిత శాస్త్రజ్ఞులు ఖండించారు. దానిమీద సమయం పెట్టకండి.

పదవ మెట్టు: నోటుపుస్తకంలో మూడు రంగులు

కనుగొన్న ప్రతిదానికీ దాని బలాన్నిబట్టి రంగు వేయండి. వచనమే చెప్పినదానికి ఒకటి: యిర్మీయా బాదము కొమ్మ, 40 రోజులకు 40 ఏళ్లు. రచన గట్టిగా సూచిస్తున్నదానికి మరొకటి: ఆదికాండములోని ఏడులు, మత్తయి పద్నాలుగులు. నేను గమనించినదానికి మూడోది. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లు వస్తుంది. యెహోవా నామంలోని నాలుగు అక్షరాల విలువ 10, 5, 6, 5, కలిపితే 26. చూడగానే మనసు పొంగుతుంది. అయినా కీర్తనకారుడు దాన్ని ఉద్దేశించాడనడానికి వచనంలో ఏ సూచనా లేదు, కాబట్టి అది మూడో రంగులోనే ఉండాలి. పదిమందికి బోధించేటప్పుడు మొదటి రంగును ధైర్యంగా, రెండోదాన్ని కారణాలతో చెప్పండి. మూడోదాన్ని మీ ధ్యానానికి ఉంచుకోండి.

మొదటి అభ్యాసం

23వ కీర్తన ఆరో వచనం తీసుకోండి. కృపాక్షేమములు నా వెంట వచ్చునని ఉన్నచోట కృప అన్నది హెసెద్ అని మీకిప్పుడు తెలుసు, దాన్ని రూతులో చూసినదానితో పోల్చండి. తర్వాత "వెంట వచ్చు" అన్న క్రియను పట్టుకోండి. అది రాదఫ్, స్ట్రాంగ్ సంఖ్య 7291. నిర్గమకాండము 14వ అధ్యాయంలో ఫరో రథాలు ఇశ్రాయేలీయులను తరిమిన చోట్ల, 1 సమూయేలులో సౌలు దావీదును తరిమిన చోట్ల అదే క్రియ ఉందేమో సరిచూడండి. అది వచ్చిన ప్రతి వచనంలో తరిమేది ఎవరో, తరిమించుకునేది ఎవరో రెండు గడుల్లో రాయండి. ఆ పట్టిక పూర్తయ్యాక 23:6ను మళ్లీ చదివి, మీకు తోచినదానికి ఏ రంగు వేయాలో మీరే నిర్ణయించండి.